తూకానికి పోతున్న పనిముట్లు

వేలాల్లో చిన్న పనివారికి దక్కని చోటు.. నిబంధనలు ఒప్పుకుంటున్నా పెద్ద లాట్లకే మొగ్గు

మూతపడిన షెడ్డులో రెండు లేత్ మిషన్లు, ఓ డ్రిల్లింగ్ మిషన్, బల్లలకు బిగించిన వైస్‌లు, గోడకు వేలాడే పానాలు, పెట్టెల నిండా ఉలులు, ఆకురాళ్లు. అప్పు తీరక బ్యాంకు స్వాధీనం చేసుకున్న ఇలాంటి సామగ్రి వేలానికి వచ్చినప్పుడు ప్రకటనలో తరచూ కనిపించేది ఒక్క వాక్యమే: యంత్రాలు, ఇతర సామగ్రి, ఒకే లాటు, ఉన్నది ఉన్నట్టుగా. పాట ముగుస్తుంది. సొమ్ము జమవుతుంది. లారీ వస్తుంది. ఇంకా ఏళ్ల తరబడి పనిచేయగల యంత్రం కిలోల లెక్కన కాటా ఎక్కుతుంది.

అదే ఊళ్లో ఐటీఐ పూర్తిచేసి, ఏడెనిమిదేళ్లు ఇంకొకరి దుకాణంలో పనిచేసి, సొంతంగా చిన్న షెడ్డు వేసుకోవాలనుకునే యువకుడు కొత్త యంత్రాల ధర విని వెనుదిరుగుతున్నాడు. పనిముట్టు ఒకచోట, పనివాడు మరోచోట. ఈ ఇద్దరినీ కలపాల్సిన వేలమే మధ్యలో గోడగా నిలుస్తోంది. దీనివల్ల నష్టపోతున్నది కొనలేని పనివాడు ఒక్కడే కాదు. తక్కువకు అమ్ముకుంటున్న బ్యాంకు, బాకీ పూర్తిగా తీరని రుణగ్రహీత కూడా నష్టపోతున్నారు.

పాతదైనా పదునే!

పాత పనిముట్టుకు గిరాకీ కేవలం పేదరికం వల్ల వచ్చింది కాదు. లేత్ మిషన్‌కు వెన్నెముక వంటి బెడ్డు పోత ఇనుముతో తయారవుతుంది. పోత పోసిన కొత్తలో లోహం లోపల ఒత్తిళ్లు ఉంటాయి. కాలం గడిచేకొద్దీ అవి సడలి, బెడ్డు స్థిరపడుతుంది. బరువైన, బాగా చూసుకున్న పాత యంత్రం పనిలో కచ్చితత్వాన్ని నిలబెట్టుకోవడానికి ఇదొక కారణం. 1953లో బెంగళూరులో ఏర్పడిన హెచ్ఎంటీ తయారుచేసిన ఎన్‌హెచ్-22 వంటి లేత్‌లకు పాత యంత్రాల అంగడిలో ఇప్పటికీ పేరుంది. 1943లో సికింద్రాబాద్‌లో మొదలైన ప్రాగా టూల్స్ తయారీ గ్రైండర్లు, చక్‌లను కూడా పాతతరం పనివారు నేటికీ గుర్తుచేసుకుంటారు.

చేతి పనిముట్ల విషయమూ అంతే. మంచి ఉక్కుతో చేసిన ఉలి, బాడిస, పానా తరాలు మారినా చెడవు. తుప్పు పైపైన పట్టి ఉంటే కిరసనాయిలు, ఇనుప బ్రష్షు, కాస్త ఓపిక చాలు. కమ్మరి దాగలి అయితే తాత నుంచి మనవడి వరకు నడుస్తుంది. అరిగిపోయాక పనికిరానివీ ఉన్నాయి. పళ్లు మొద్దుబారిన ఆకురాయి, కొన విరిగిన డ్రిల్ బిట్టు, జీవం పోయిన బ్యాటరీతో నడిచే మిషను ఎంత చవకగా వచ్చినా ఖరీదే. చవక బేరం వేటలో తొలి పాఠం ఇదే: ధర చూడటం కన్నా అరుగుదల చూడటం ముఖ్యం.

నాలుగు దారులు

వాడిన పనిముట్లు ప్రస్తుతం నాలుగు దారుల్లో అమ్మకానికి వస్తున్నాయి. మొదటిది, అప్పులు తీరని పరిశ్రమల ఆస్తులను బ్యాంకులు వేలం వేయడం. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకులు, 2016 నాటి దివాలా స్మృతి కింద లిక్విడేటర్లు ఈ అమ్మకాలు జరుపుతారు. రెండోది, ప్రభుత్వ సంస్థలు వాడకం నుంచి తొలగించిన సామగ్రి. ఇనుప తుక్కు ఎగుమతుల నియంత్రణ కోసం 1964లో ఏర్పడిన ఎంఎస్‌టీసీ ఇప్పుడు వివిధ సంస్థల తరఫున ఆన్‌లైన్ వేలాలు నిర్వహిస్తోంది. రైల్వేకు సొంత పోర్టల్ ఉంది.

మూడోది పాత సామాను అంగళ్లు. విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్, ఆదివారాల్లో హైదరాబాద్ ఎర్రగడ్డ సంత, గురువారాల్లో జుమ్మేరాత్ బజార్ ఇందుకు పేరుపడ్డవి. నాలుగోది ఎవరూ లెక్కలోకి తీసుకోని దారి. పనివాడు కన్నుమూశాక, లేదా వయసు మీరి పని మానేశాక ఇంట్లో మిగిలిపోయే పెట్టె.

అమెరికాలో ఈ నాలుగో దారే పెద్ద రహదారి. ఇంటి పెద్ద మరణించినా, వృద్ధులు ఇల్లు ఖాళీ చేసి వెళ్లినా సామాన్లన్నిటినీ ఇంట్లోనే ధరల చీటీలు అంటించి రెండుమూడు రోజులపాటు అమ్ముతారు. గ్యారేజీలోని రంపాలు, చిత్రికలు, పానాల కోసం తెల్లవారకముందే జనం బారులు తీరతారు. చివరిరోజున మిగిలినవి సగం ధరకు ఇవ్వడం పరిపాటి. అక్కడ స్థిరపడిన తెలుగువారిలోనూ ఇలాంటి అమ్మకాలకు వెళ్లేవారున్నారు. అయితే అక్కడ కొన్న కరెంటు పనిముట్లను ఇక్కడికి పంపితే ఉపయోగం అంతంతమాత్రమే. అవి 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కు తయారైనవి. మన సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. నేరుగా తగిలిస్తే మోటారు కాలిపోతుంది. చేతి పనిముట్లకు ఈ బెడద లేదు.

మన దగ్గర చనిపోయినవారి పనిముట్లను వాకిట్లో పరిచి అమ్మే ఆనవాయితీ లేదు. దసరాకు పసుపు కుంకుమ పెట్టి పూజించిన వస్తువును బేరానికి పెట్టడానికి మనసొప్పదు. కొడుకులు అదే వృత్తిలో ఉంటే పంచుకుంటారు. లేకుంటే పెట్టె అటక ఎక్కుతుంది. కొన్నేళ్లకు తుప్పు పట్టి, వీధిలోకి వచ్చిన పాత ఇనుము వ్యాపారికి కిలోల లెక్కన వెళ్లిపోతుంది. అమ్మడానికి సంకోచించిన వస్తువే ఆఖరికి అతి తక్కువ ధరకు పోవడం ఇక్కడి వింత.

లాటు పేరిట లోటు

వేలంలో చిన్న పనివాడు ఎందుకు నిలబడలేకపోతున్నాడో ఓ ఉదాహరణ లెక్కతో చూద్దాం. ఒక షెడ్డులోని సామగ్రి అంతా కలిపి 8 టన్నులు ఉందనుకుందాం. తుక్కు ధర కిలో 30 రూపాయలుగా తీసుకుంటే లాటు విలువ 2.40 లక్షలు. ముందుగా కట్టాల్సిన ధరావతు పది శాతమైతే 24 వేలు. పాట దక్కితే 18 శాతం జీఎస్టీ కింద మరో 43,200. వెరసి 2,83,200 రూపాయలు. దీనిపై క్రేను, లారీ, హమాలీ ఖర్చులు అదనం. ఇదంతా గడువులోగా చెల్లించి, సరకు ఎత్తుకెళ్లాలి. ఆలస్యమైతే స్థలం అద్దె పడుతుంది, లేదా ధరావతు పోతుంది.

ఆ షెడ్డులో మన పనివాడికి కావాల్సింది 1,500 కిలోల లేత్ ఒక్కటే. తుక్కు లెక్కన దాని విలువ 45 వేలు. విడిగా పాట పెడితే అతడు 90 వేలు ఇవ్వడానికీ సిద్ధపడవచ్చు. కానీ విడిగా పెట్టరు. 45 వేల అదనపు రాబడిని అమ్మకందారు చేజేతులా వదులుకుంటున్నాడు. ఒకే దెబ్బకు గోదాము ఖాళీ కావాలన్న తొందరే ఇందుకు కారణం. విడివిడిగా అమ్మితే లెక్కలు పెరుగుతాయి, చివరికి ఎవరికీ అక్కర్లేని చెత్త మిగిలిపోతుందన్న భయమూ ఉంది. ఆ భయం పూర్తిగా నిరాధారం కాదు. అయితే మంచివాటిని విడిగా, మిగతాదాన్ని తూకానికి అమ్మితే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది.

పన్ను విషయంలోనూ తేడా ఉంది. జీఎస్టీ నమోదు ఉన్న వ్యాపారి తాను కట్టిన పన్నును తన అమ్మకాలపై చెల్లించాల్సిన పన్నులో సర్దుకుంటాడు. నమోదు లేని చిన్న పనివాడికి ఆ వెసులుబాటు లేదు. ఒకే పాటలో ఇద్దరూ ఒకే అంకె చెప్పినా, చేతినుంచి పోయేది ఇద్దరికీ ఒకటి కాదు. దీనికితోడు ఆన్‌లైన్ నమోదు, కొన్ని పోర్టళ్లలో డిజిటల్ సంతకం, ఆంగ్లంలో పదుల పేజీల షరతులు. రుణం తీసుకుని పాడదామంటే బ్యాంకు దరఖాస్తు కదిలేలోగా చెల్లింపు గడువు దాటిపోతుంది.

తుక్కు వ్యాపారులను నిందించి ప్రయోజనం లేదు. నష్టం వచ్చినా భరించేది, లారీ పురమాయించేది, చెత్తతో సహా అన్నీ ఎత్తుకెళ్లేది వారే. మంచి యంత్రాలను గుర్తించి, రంగు పూసి, పాత మిషన్ల దుకాణాలకు చేరవేసేదీ వారే. అలా రెండు మూడు చేతులు మారి వచ్చిన లేత్‌నే మన పనివాడు చివరకు ఎక్కువ ధరకు కొంటున్నాడు. ఆ కన్ను పడని యంత్రం కొలిమికి పోతోంది. వ్యాపారులు కూడబలుక్కుని పాట పెరగకుండా చూస్తే మాత్రం అది వేరే సంగతి. సిండికేటు పాటలు 2002 నాటి పోటీ చట్టం ప్రకారం నిషిద్ధం.

చట్టం ఏమంటోంది?

చిన్న లాట్లకు చట్టం అడ్డు చెప్పడం లేదు. సర్ఫేసీ చట్టం కింద 2002లో రూపొందిన నిబంధనల్లో ఆరోది చరాస్తుల అమ్మకానికి సంబంధించినది. స్వాధీనం చేసుకున్న చరాస్తులను ఒకటి లేదా అంతకంటే ఎక్కువ లాట్లుగా అమ్మవచ్చని, గరిష్ఠ ధర రాబట్టేలా విక్రయ పద్ధతి ఉండాలని అది చెబుతోంది. లిక్విడేషన్‌కు సంబంధించి 2016లో వచ్చిన నిబంధనలు సైతం ఆస్తులను విడిగా గానీ, భాగాలుగా గానీ, గంపగుత్తగా గానీ అమ్మే మార్గాలను చూపాయి. 2017 నాటి కేంద్ర సాధారణ ఆర్థిక నియమాల ప్రకారం ఓ పరిమితికి లోబడిన విలువ గల పాత సామగ్రిని ఏ పద్ధతిలో అమ్మాలో సంబంధిత అధికారే నిర్ణయించవచ్చు. లోపం నిబంధనల్లో లేదు, వాటిని వాడుకునే అలవాటులో ఉంది.

సరకుల విక్రయ చట్టం, 1930లోని 64వ సెక్షన్ వేలాల గురించి చెబుతుంది. లాట్లుగా పెట్టినప్పుడు సాధారణంగా ప్రతి లాటూ వేర్వేరు ఒప్పందమే. సుత్తి దెబ్బ పడేవరకు పాటదారు తన పాటను ఉపసంహరించుకోవచ్చు. అమ్మకందారు తన మనిషితో పాడించి ధర పెంచితే కొన్నవాడు ఆ ఒప్పందాన్ని రద్దుచేసుకోవచ్చు. అయితే ఆన్‌లైన్ వేలాల్లో షరతులు వేరుగా ఉంటాయి. ఒకసారి నొక్కిన పాటను వెనక్కి తీసుకుంటే ధరావతు జప్తు చేస్తామన్నది వాటిలో సాధారణంగా కనిపించే నిబంధన. ఉన్నది ఉన్నట్టుగా అన్న మాటకు అర్థం కూడా తెలుసుకోవాలి. తర్వాత లోపం బయటపడినా బాధ్యత కొన్నవాడిదే. అందుకే వేలానికి ముందు సరకు చూసుకునేందుకు ఇచ్చే రోజును వదులుకోకూడదు.

పనిముట్టు విలువ చట్టానికి ఎప్పుడో తెలుసు. కోర్టు డిక్రీ అమలులో చేతివృత్తిదారుల పనిముట్లను జప్తు చేయరాదని సివిల్ ప్రొసీజర్ కోడ్, 1908లోని 60వ సెక్షన్ చెబుతోంది. పనిముట్టు లాక్కుంటే బతుకే పోతుందన్నది అందులోని ధర్మం. కానీ ఆ పనిముట్టునే బ్యాంకుకు హామీగా రాసిస్తే సర్ఫేసీ చర్యల్లో ఆ రక్షణ వర్తించదు. రుణపత్రాలపై సంతకం పెట్టేవారు ఈ తేడాను గమనించాలి.

పథకంలో లేని మెకానిక్

కొత్త పనిముట్ల కోసం ప్రభుత్వ సాయం లేకపోలేదు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకం కింద 18 వృత్తులవారికి 15 వేల రూపాయల వరకు పనిముట్ల వోచరు ఇస్తున్నారు. తొలి విడతగా లక్ష, మలి విడతగా 2 లక్షల రూపాయల రుణాన్ని 5 శాతం వడ్డీకి అందించే ఏర్పాటు ఉంది. వడ్రంగి, కమ్మరి, తాపీ మేస్త్రీ, దర్జీ వంటివారికి ఇది ఊరటే. కానీ ఆ 18 వృత్తుల జాబితాలో లేత్ పనివాడు, వెల్డరు, మోటారు మెకానిక్ లేరు. జాబితాలో ఉన్నవారికి సైతం 15 వేలతో చేతి పనిముట్ల సంచి నిండుతుందే తప్ప యంత్రం రాదు. ఆ లోటు పూడ్చగలిగేది మంచి స్థితిలో ఉన్న పాత యంత్రమే.

కొనేముందు గమనించాల్సినవి

* లేత్ బెడ్డుపై చక్‌కు దగ్గర ఉన్న భాగం, చివరనున్న భాగం వేలితో తడిమి పోల్చాలి. ఎక్కువ పని జరిగేది చక్ వద్దే కాబట్టి అరుగుదల అక్కడే ముందుగా తెలుస్తుంది. గట్టు తగిలితే ధర తగ్గించి లెక్కకట్టాలి.

* చక్‌ను చేత్తో పైకీ కిందికీ కదిపి ఆట ఎంత ఉందో చూడాలి. కరెంటు ఉంటే అన్ని గేర్లలోనూ నడిపించాలి. గేర్‌పెట్టె కటకట శబ్దం చేస్తే పళ్లు విరిగి ఉండవచ్చు.

* యంత్రం త్రీఫేజ్‌దైతే షెడ్డుకు ఆ కనెక్షన్ ఉందో లేదో ముందే చూసుకోవాలి. లేకుంటే మోటారు మార్చే ఖర్చు కూడా ధరలో కలిపి ఆలోచించాలి.

* వైస్ కొనేటప్పుడు పూర్తిగా తెరిచి, బిగించి చూడాలి. మరచుట్టు జారుతున్నా, ఒంటిపై వెల్డింగ్ అతుకు కనిపిస్తున్నా వదిలేయడమే మేలు. పోత ఇనుము అతుకు గట్టి బిగింపునకు ఆగడం కష్టం.

* దాగలిపై చిన్న సుత్తిని వదిలితే చక్కగా ఎగిరిపడాలి, ఖంగుమని మోగాలి. మూగ శబ్దం వస్తే లోపల పగులు ఉండే అవకాశం ఉంది.

* చేతి గ్రైండర్లు, డ్రిల్లులు నడిపినప్పుడు కాలిన వాసన వస్తే ఆర్మేచర్ చెడినట్టే. కార్బన్ బ్రష్‌లు మాత్రమే అరిగి ఉంటే కొద్ది ఖర్చుతో బాగవుతుంది.

* క్రేను, లారీ, జీఎస్టీ, మరమ్మతు కలిపిన మొత్తాన్ని కాగితంపై రాసుకుని, అందులోంచి వెనక్కి లెక్కించి గరిష్ఠ పాట నిర్ణయించుకోవాలి. పాట వేడిలో ఆ అంకె దాటకూడదు.

* సంతలో కొంటే రసీదు అడగాలి. దొంగసొత్తని తెలిసీ, లేదా అలా అనుమానించాల్సిన కారణం ఉండీ కొంటే భారతీయ న్యాయ సంహితలోని 317వ సెక్షన్ కింద నేరం. మరీ చవకగా వస్తున్న కొత్త పానాల సెట్టు గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

చేయాల్సింది కొంతే

ఈ పరిస్థితి మారడానికి కొత్త చట్టం అక్కర్లేదు, భారీ బడ్జెట్టూ అక్కర్లేదు. వేలానికి వచ్చే సామగ్రిని ముందుగా రెండు రాశులుగా విడదీయాలి: పనిచేసేవి ఒకటి, తుక్కు మరొకటి. ఈ పని చేయగల ఫిట్టరు, టర్నరు బోధకులు జిల్లాల్లోని ఐటీఐల్లో ఉన్నారు. వారితో ఒక పూట పరిశీలన చేయించి, ఒక్కో యంత్రానికి ఒక చీటీ రాయిస్తే చాలు. విద్యార్థులకూ అది పాఠమే అవుతుంది. పనిచేసే యంత్రాలను ఒక్కొక్కటిగా, చేతి పనిముట్లను పెట్టెలుగా పాట పెట్టాలి. తీసుకునేవారు లేకుంటే అప్పుడు తుక్కులో కలపవచ్చు.

వేలం ప్రకటన సారాంశాన్ని ఒక పేజీ తెలుగులో రాసి జిల్లా పరిశ్రమల కేంద్రం, ఐటీఐ, ఆటోనగర్ సంఘాల నోటీసు బోర్డుల్లో పెట్టాలి. ధరావతు కట్టిన చిన్న కొనుగోలుదారుకు మిగతా సొమ్ము రుణంగా ఇచ్చేందుకు, అమ్ముతున్న బ్యాంకే ముందుకు వస్తే గడువు చిక్కు తీరుతుంది. యంత్రం విలువ ఎంతో ఆ బ్యాంకుకు ఎలాగూ తెలుసు.

పనివారి వైపు నుంచీ ప్రయత్నం కావాలి. నలుగురైదుగురు కలిసి ఒక లాటు పాడుకుని, ఎవరికి కావాల్సింది వారు తీసుకుని, మిగిలిన తుక్కును తామే అమ్ముకుంటే పెద్ద లాటు కూడా అందుబాటులోకి వస్తుంది. అయితే ఎవరి పేరిట పాట, ఎవరికి ఏ యంత్రం, నష్టం వస్తే ఎవరి వాటా ఎంత అన్నది ముందే కాగితంపై రాసుకోవాలి. మాటమీద నడిచిన ఉమ్మడి బేరాలు సరకు పంపకం దగ్గరే చెడుతుంటాయి.

అటక మీద పనివాడి పెట్టె ఉన్న కుటుంబాలు కూడా ఒకసారి దాన్ని దించి చూడాలి. పూజించిన పనిముట్టును అమ్మడం అపచారమన్న భావన ఉంటే, అదే వృత్తిలో కొత్తగా దిగిన ఊరి కుర్రవాడికి ఇవ్వవచ్చు. తుప్పు పట్టించడం కన్నా అది గౌరవమే.

ఇనుము కరిగితే మళ్లీ ఇనుమే వస్తుంది. అది యంత్రంగా మారడానికి పోత, కోత, బిగింపు, కొలత అన్నీ మళ్లీ మొదటినుంచి జరగాలి. పనిచేసే లేత్‌ను కాటా ఎక్కించిన ప్రతిసారీ ఆ శ్రమ అంతా తుడిచిపెట్టుకుపోతోంది. దాంతోపాటే ఒక షెడ్డు, అందులో ఇద్దరు ముగ్గురికి దొరకాల్సిన పని కూడా పోతున్నాయి. వచ్చే వేలం ప్రకటనలో ఒకే లాటు అన్న మాటకు బదులు యంత్రాల వారీ జాబితా కనిపించేలా జిల్లా యంత్రాంగం, బ్యాంకులు చొరవ చూపాలి.